శిష్యుడి వేషం

విమానం నడపడం నేర్పే గురువును ఎంచుకోవాలంటే, ఎంచుకునేవాడు కాసేపు మొద్దు శిష్యుడిగా మారాలి. మా వృత్తిలో అది పద్ధతి. ఉద్యోగానికి వచ్చినవాణ్ణి కుడివైపు గురువు సీట్లో కూర్చోబెడతాం. పరీక్షించేవాడు ఎడమవైపు శిష్యుడి సీట్లో కూర్చుని కావాలని తప్పులు చేస్తాడు. విమానం ముక్కు పైకెత్తేస్తాడు, మలుపు వంకరగా తిప్పుతాడు, చెప్పింది వినడు. పక్కనున్నవాడు ఆ తప్పును ఎంతవరకు సాగనిస్తాడు, ఎప్పుడు నోటితో దిద్దుతాడు, ఎప్పుడు చెయ్యి వేస్తాడు అన్నదే పరీక్ష. తొందరపడి చెయ్యి వేస్తే శిష్యుడు నేర్చుకోడు. ఆలస్యం చేస్తే శిష్యుడు మిగలడు.

నేను మొద్దు వేషం బాగా వేస్తానని పేరు. కుందుర్పి బడిలో మా అయ్యవార్లు మాత్రం దాన్ని వేషం అనుకోలేదు.

డెబ్బైలలో అనంతపురానికి కొంత దూరాన, శెనక్కాయ చేల మధ్య ఎర్రనేలను చదును చేసి ఒక ఫ్లయింగ్ క్లబ్బు పెట్టారు. ఒక రేకుల షెడ్డు, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ సంచీ, గుడ్డ చుట్టిన రెక్కలతో ఒక రెండు సీట్ల విమానం, నేను. అంతే క్లబ్బు. రన్‌వే మీద మాకన్నా గొర్రెలకే ఎక్కువ గంటల అనుభవం ఉండేది. నేను ఒక్కణ్ణే గురువును కాబట్టి ప్రధాన గురువును కూడా నేనే. శిష్యులు ఏడుగురయ్యేసరికి ఇంకో గురువు కావాలని పేపర్లో ప్రకటన వేశాం.

అర్జీలను వడపోసేది నేనే. ప్రతి పైలట్ దగ్గరా తాను ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ ఉంటుంది. నేను అందులో అంకెల కన్నా ముందు సిరా చూసేవాణ్ణి. కొందరి పుస్తకాల్లో మూడు నెలల ఆకాశం ఒకే సిరాతో, ఒకే దస్తూరితో, ఒక్క పూటలో ఎగిరినట్టు ఉండేది. అవి రెక్కల మీద కాదు, పాళీ మీద ఎగిరిన గంటలు. అలాంటివన్నీ పక్కన పెట్టగా ఒక పుస్తకం మిగిలింది. నూనె మరకలు, నాలుగు రంగుల సిరా, అక్కడక్కడా "దిగడం బాగాలేదు, తప్పు నాదే" అని సొంత దస్తూరీ. తన తప్పును తానే రాసుకున్న మనిషిని చూడాలనిపించి పిలిపించాను.

ధర్మవరం కుర్రాడు. వాళ్ళ నాయన పట్టుచీరలు నేస్తాడు. వచ్చీ రాగానే విమానం చుట్టూ తిరుగుతూ రెక్క గుడ్డ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"ఈడ కుట్టు వదులైతాండాది సార్. పడమటి గాలి మొదలైనాది, ఒకసారి చూపించండి," అన్నాడు.

నిజమే, వదులైంది. వారం రోజులుగా నేను దాని పక్కనే నిలబడి టీ తాగుతున్నాను.

మా అధ్యక్షుడికి శెనక్కాయల మిల్లు ఉంది. విమానం ఎప్పుడూ ఎక్కలేదు, కానీ ఇంటర్వ్యూలో ముందు ఆయనే అడగాలి.

"ఏమప్పా, మీసాలే సరిగ్గా రాలేదు, నువ్వు గురువంటే ఎవురు నమ్ముతారు?"

"మీసాలు విమానం బరువు పెంచుతాయని తీసేసినా అన్నా."

అధ్యక్షుడు పగలబడి నవ్వాడు. నేను బోర్డు చూపించి, ఏమీ తెలియనివాడికి స్టాల్ అంటే ఏమిటో చెప్పమన్నాను. అతను సుద్ద ముట్టుకోలేదు, అధ్యక్షుడి వైపు తిరిగాడు.

"బస్సులో పోతాంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టినారా అన్నా? అరచెయ్యి రవ్వంత ఎత్తితే గాలి చేతిని పైకి లేపుతాది. ఇంగా ఎత్తినారనుకో, లేపేది మానేసి ఎనక్కి నూకుతాది. రెక్క గూడా అంతే. ముక్కు మరీ ఎత్తితే మోసేది మానేస్తాది. అప్పుడు ఏం చేయాల? భయమేసి ఇంగా ఎత్తకూడదు. ముక్కు దించాల."

అధ్యక్షుడు కుర్చీలోంచే చెయ్యి చాచి గాలిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నాకే అర్థమైనాదంటే ఆ గొర్రెలకు గూడా అర్థమైతాది. తీసుకోండి సార్ ఇతన్ని," అన్నాడు.

"పైకి పోయొచ్చినాక చెప్తా," అన్నాను. అప్పటికే నాకు కొంచెం కుట్టింది. నేను ఆయనకు అదే సంగతి రెండేళ్ళుగా ఇంగ్లీషులో చెబుతున్నాను.

విమానం దగ్గరికి నడుస్తూ అతను మెల్లగా అన్నాడు. "లైసెన్సుకు ఇంగ రెండు నెల్లే గడువుండాది సార్. అంతలోపల కొన్ని గంటలు ఎగరకుంటే చెల్లదు. సొంతంగా ఎగిరే స్తోమత లేదు. ఈ ఉద్యోగమొస్తే పైన ఉంటా. లేదంటే మా నాయన మగ్గం కాడ ఇంగో గుంట తవ్వి పెట్టినాడు." నవ్వుతూనే అన్నాడు. మా వైపు మగ్గాలకు గుంట ఉంటుంది. నేసేవాడు అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుంటాడు.

పైకి వెళ్ళాం. ఆషాఢపు గాలి విమానాన్ని చేటలో గింజలా ఎగరేస్తోంది. నేను మొద్దు వేషం మొదలుపెట్టాను. మొదటి తప్పుకు అతను చెయ్యి కదల్చలేదు, "ముక్కు ఎట్లుండాదో చూడండి సార్," అన్నాడంతే. రెండో తప్పుకు వేగం చూపే సూదిని వేలితో చూపించాడు. ఇంత బాగా నేర్పేవాడు నాకు దొరికి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను.

మూడో తప్పు దిగేముందు చివరి మలుపులో చేయాలనుకున్నాను. కిందికి వచ్చాం. గాలి మమ్మల్ని రన్‌వే దాటించి పక్కకు తోసేస్తోంది. అతని మొహంలో కంగారు కనబడుతుందేమోనని ఓరకంట చూస్తున్నాను. నా నటనకు నేనే మురిసిపోతూ వేగం సూదిని చూడడం మరిచిపోయాను. రన్‌వే తప్పిపోతోందని గమనించి మలుపు బిగించి ముక్కు పైకి లాగాను. ఆ లాగింది శిష్యుడు కాదు, నేనే. రెక్క వణికింది. చేతిలో విమానాన్ని నడిపే కర్ర బరువు పోయి తేలికైంది. ఏం చేయాలో ఎన్నోసార్లు పాఠం చెప్పినవాణ్ణి, ఇంకా లాగి పట్టుకున్నాను.

"ఐ హావ్ కంట్రోల్," అన్నాడు అతను. ఆ మాట వినబడగానే రెండోవాడు చేతులు తీసేయాలి, అది నియమం. నా వేళ్ళు రాలేదు.

"ఇడ్సు సార్! చెయ్యి ఇడ్సప్పా!" అని అరిచి నా మణికట్టు మీద ఒక్కటి కొట్టాడు.

వదిలాను. ముక్కు దించాడు. శెనక్కాయ చెట్ల ఆకులు విడివిడిగా కనబడ్డాయి. తర్వాత ఇంజను గట్టిగా మోగింది, ఆకులు మళ్ళీ చేనయ్యాయి. ఒక చుట్టు తిప్పి చక్కగా దించాడు.

అధ్యక్షుడు పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏమైనాది సార్? విమానం ఆ పక్కకు ఒరిగిపోయినాది! ఎవురు చేసినారట్ల?"

అతను నా పక్కనే ఉన్నాడు. మణికట్టు ఇంకా మండుతోంది. "పరీక్షలో భాగమే. నేనే కావాలని చేసినా," అన్నాను.

అతను నా మొహం వైపు చూశాడు. చాలాసేపు చూసినట్టు నాకు గుర్తు, నిజానికి ఒక క్షణమే అయ్యుండాలి. "బాగా నటించినారు సార్," అన్నాడు.

అది మర్యాదా, ఎగతాళా, నిజంగా నమ్మాడా? ఏదైనా నాకు ఇబ్బందే. నా తప్పు తెలిసినవాణ్ణి రోజూ ఎదురుగా పెట్టుకుని గురువునెలా అవుతాను? రిపోర్టులో రాశాను: "తొందరపడి కంట్రోల్స్ తీసుకుంటాడు. శిష్యుడికి తప్పు చేసే అవకాశం ఇవ్వడు. పెద్దలతో మాట తీరు మార్చుకోవాలి." ఆఖరి వాక్యానికి ఎంత ఆలోచించానో! ప్రాణం కాపాడుతూ ఏకవచనంలో అరిచాడని నా ఫిర్యాదు.

"చెయ్యి తొందరంటే మంచిది కాదేమో లే," అని అధ్యక్షుడు నిట్టూర్చాడు. తిరస్కరణ ఉత్తరం నేనే టైపు చేశాను. ఎవరినీ తీసుకోలేదు. ఏడుగురు శిష్యుల్నీ నేనే మోశాను, అది శిక్షగా లెక్కేసుకుని కొన్నాళ్ళు తృప్తి పడ్డాను కూడా.

ఎనభైలు వచ్చాయి. నేర్పే అర్హతను అప్పుడప్పుడు పరీక్ష పెట్టి పొడిగిస్తారు. ఆ ఏడు నన్ను పరీక్షించడానికి పెద్ద ఊరి క్లబ్బు నుంచి పరీక్షాధికారి వస్తున్నాడన్నారు. జీపు దిగి నేరుగా రెక్క దగ్గరికి నడిచి గుడ్డ నిమిరినప్పుడే గుర్తుపట్టాను.

"గుడ్డ మార్చినారే సార్. బాగుండాది."

"ఇన్నాళ్ళూ యాడుంటివప్పా?" అన్నాను, ఏం తెలియనట్టు.

"రెండేండ్లు మగ్గం గుంటలో కూసున్నా సార్. లైసెన్సు పోయినాది. మల్లా అన్ని పరీక్షలూ మొదటి నుంచి రాసి ఎక్కినా." ఎండ ఎక్కువగా ఉందని చెప్పే గొంతుతో చెప్పాడు.

ఈసారి గురువు సీట్లో నేను, ఎడమవైపు శిష్యుడి వేషంలో అతను. చిన్న చిన్న తప్పులు చేశాడు, దిద్దాను. చివరి మలుపులో అదే చోట, అదే చేను మీద, మలుపు బిగించి ముక్కు లాగాడు. రెక్క ఇంకా వణకనైనా లేదు. "ఐ హావ్ కంట్రోల్!" అని నేను దాదాపు అరిచాను. అతను వెంటనే చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆనాడు అతను తీసుకున్న ఎత్తుకు రెట్టింపు ఎత్తులో ఉన్నాం. నా రిపోర్టు ప్రకారమైతే నేను ఫెయిల్.

షెడ్డులో కూర్చుని కాగితం రాసి నా ముందు పెట్టాడు. "కంట్రోల్స్ సరైన సమయానికి తీసుకున్నారు. పొడిగించవచ్చు."

చదివాను. ఏదో ఒకటి అనాలి కదా. నవ్వు తెచ్చుకుని, "బాగా నటించినావప్పా," అన్నాను.

అతను పెన్నుకు మూత పెట్టాడు. "నేను నిజంగానే నటించినా సార్," అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే నాకు కాస్త సులువయ్యేది. క్షమించమని అడగాల్సిన మాట గొంతులో తయారుగానే ఉంది. ముక్కు దించాల్సిన చోట మళ్ళీ లాగి పట్టుకున్నాను.

"కాఫీ తాగుతావా?" అన్నాను.

తాగుతానన్నాడు. ఇద్దరం రన్‌వే మీది గొర్రెల్ని చూస్తూ తాగాం. లోటా కడిగి బోర్లించి, వెళ్ళొస్తా సార్ అని చెప్పి, జీపెక్కాడు.