అనుకోని ఖర్చుల కాలమ్

మా ఆయన హనుమాన్ జంక్షన్ దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవారు. ఎనభైల చివర్లో ఆ ఆఫీసుకు ఒక కంప్యూటర్ కొన్నారు. అది నేర్చుకోవడానికి ఆయన్ని పదిహేను రోజులు విజయవాడ పంపారు. తిరిగొచ్చాక అన్నం తింటూ కూడా ఆయన దాని గురించే మాట్లాడేవారు. అందులో ఇంటి ఖర్చులు రాసుకునే ప్రోగ్రాం ఒకటుందట. డబ్బు ఎక్కడెక్కడ కారిపోతోందో నెల తిరిగేసరికి అదే చూపిస్తుందట.

మాకు పెళ్లయి అప్పటికి రెండేళ్లు. నూజివీడులో ఒక పెంకుటింటి ముందు వాటాలో అద్దెకుండేవాళ్లం. వెనక వాటాలో ఇంటివాళ్లు. ఇరవయ్యో తారీఖు దాటితే జీతం డబ్బులు అడుగంటేవి. కాబట్టి ఆయన ఆరాటంలో తప్పేమీ లేదు.

ఆ నెల నుంచి రోజూ సాయంత్రం ఆయన బస్సు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసేవారు.

"ఇవాళేంటి?" అనేవారు.

నేను చెప్పేదాన్ని. పాలు, కూరలు, కిరసనాయిలు. వీటికి ఇంతని నెల మొదట్లోనే అనుకుంటాం కాబట్టి ఇవి అనుకున్న ఖర్చులు. మిగిలినవన్నీ అనుకోనివి. వాటికి కారణం కూడా చెప్పాలి. మర్నాడు ఆఫీసు పని అయ్యాక ఆయన అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేవారు. నెలాఖరుకు, రెండు అంచులా చిల్లులున్న పొడవాటి ప్రింటు కాగితం తెచ్చి చాప మీద పరిచేవారు.

మొదటి నెల అనుకోని ఖర్చుల కాలమ్‌లో గాజులు, చీర ఫాల్, ముసునూరులో మా అమ్మ దగ్గరికి రానూపోనూ బస్సు ఛార్జీ, పుల్ల ఐసు ఉన్నాయి.

"పుల్ల ఐసులు రెండున్నాయేంటి?" అన్నారు.

"ఇంకోటి ఇంటివాళ్ల పాపకండీ."

"సరే. నిన్నేం అనడం లేదు. తెలుసుకుంటున్నానంతే."

ఆయన నిజంగానే ఏమీ అనలేదు, గొంతు పెంచలేదు. అందుకే ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. ఒకసారి మా అమ్మ దగ్గర ఆ మాట కదిపితే, "తాగడు, పేకాడడు, చెయ్యెత్తడు. లెక్క అడిగితే చెప్పడానికి నీకేం నొప్పే?" అంది. ఏం నొప్పో నాకూ తెలియలేదు. మధ్యాహ్నం నుంచే సాయంత్రానికి సమాధానాలు వెతుక్కునేదాన్ని. వీధిలో గాజులవాడి కేక వినబడితే తలుపు దగ్గరగా వేసేదాన్ని. ముసునూరు వెళ్లడం మానేశాను. ఒక నెల ఆ కాలమ్‌లో ఒక్క అంకె కూడా లేకుండా కాగితం వచ్చింది. ఆయన మురిసిపోతే నేనూ మురిసిపోయాను. ఆ తర్వాత ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఇక ప్రతి నెలా అలాగే రావాలి.

మామిడి కోతల రోజులొచ్చాయి. ఆగిరిపల్లి వైపు నుంచి కాయల లారీలు పగలంతా నడిచేవి. ఆయనకు ఫ్యాక్టరీలో పని తెమిలేది కాదు. అప్పుడే నా ఎడమ చెవిలో పోటు మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఫీజు, మందులు అవుతాయి. ఒకటో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆగుదామనుకుని వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు వేసుకున్నాను. ఆరో రోజు చీము కారి, పోటు ఒక్కసారిగా పోయింది. తగ్గిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు కుడిచెవి దిండుకానించి పడుకుంటే, ఇంటావిడ ఎన్నిసార్లు పిలిచినా నేను పలకలేదట. లోపలికొచ్చి చూస్తే దిండు మీద మరకలు. ఆవిడే నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"చెవిలో పొర చిల్లుపడిందమ్మా. ఇన్నాళ్లూ ఎందుకూరుకున్నావు?" అన్నాడు డాక్టరు.

సాయంత్రం మా ఆయన కూడా అదే అడిగారు.

"నాకు చెప్పాలి కదా?"

"ఏ కాలమ్‌లో రాస్తారోనని..." అన్నాను.

ఆయన కంచం ముందు నుంచి తినకుండానే లేచారు. చాలా బాధపడ్డారు, అది నేను కళ్లారా చూశాను. కానీ నెలాఖరుకు వచ్చిన కాగితంలో మెడికల్ అని కొత్త కాలమ్ ఒకటి చేరింది.

"ఇక నీకు ఇబ్బందుండదు," అన్నారు. ఆ చెవికి ఆ తర్వాత సగమే వినబడేది.

కోతలు అయిపోయాక, కంప్యూటర్ చూడాలనుందని అడిగాను. ఆయన సంబరపడి ఆదివారం బస్సులో తీసుకెళ్లారు. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాం. నల్లటి తెర మీద ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. నేను ఇంటర్ దాకా చదివాను కాబట్టి కూడబలుక్కోగలిగాను. నెలాఖరు కాగితంలో అనుకున్న ఖర్చులన్నీ ఒక్క మొత్తంగా వచ్చేవి. తెర మీద విడివిడిగా ఉన్నాయి. అద్దె, పాలు, బియ్యం. వాటి కింద సిగరెట్లు.

"సిగరెట్లు ఇక్కడున్నాయేంటండీ?"

"రోజూ కాల్చేవే కదా. అనుకున్న ఖర్చేగా అది."

ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆయనకు అందులో వింతేమీ కనబడలేదు.

"అయితే నాకూ నెలకు ఇరవై రూపాయలు అక్కడే రాయండి. దేనికని అడక్కండి," అన్నాను.

"వివరం రాయకపోతే ప్రోగ్రాం ముందుకెళ్లదే," అన్నారు ఆయన, నిజంగానే ఇబ్బందిపడుతూ.

"నా పేరు రాయండి."

ఆయన ఒక్కో అక్షరమే వెతికి కొట్టారు. పాలకూ బియ్యానికీ మధ్య నా పేరు వచ్చి కూర్చుంది.

మొదటి నెల ఆ ఇరవై ఖర్చుపెట్టలేకపోయాను. రెండో నెల ధైర్యం చేసి ఆగిరిపల్లిలో మా అక్క దగ్గరికి వెళ్లి, పొద్దు వాలేలోపు వచ్చేశాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"అక్క బావుందా?" అన్నారు. ఇంకేదో అడగబోయి ఆగిపోయారు. చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

నేనే ఆపుకోలేకపోయాను. బస్సుకెంతయిందో, అక్క పిల్లలకేం కొన్నానో, చేతిలో ఎంత మిగిలిందో, గుమ్మంలో నిలబడే వరసగా అంతా చెప్పేశాను.