ఒరుగుల చుట్టూ కట్టిన తీగ

ముందే చెప్పేస్తే నాకు తేలిక. ఆ తీగ కట్టింది నేనే. ఎవరో ఎక్కిస్తే కట్టలేదు, తాగి కట్టలేదు, తెలియక అసలే కట్టలేదు. ఎల్బీనగర్‌లో మోటార్ వైండింగ్ షాపు నడిపేవాణ్ణి. కరెంటు ఏం చేస్తుందో నాకు తెలియదంటే వినేవాళ్లు నవ్విపోతారు.

మాది నల్గొండ దిక్కు ఊరు. నాన్న పోయాక అమ్మను తెచ్చుకుని ఇక్కడే సందులో ఒక మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తు కిరాయికి తీసుకున్నాను. ఎదురు పోర్షన్‌లో గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఒక్కతే ఉండేది. చైతన్యపురిలో హాస్టల్ తిండి సయించని పిల్లలకు క్యారేజీలు కట్టి పంపేది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి, ఆమె మా అమ్మను వదినా అనేది. డాబా ఇద్దరిదీ.

ఎండలు ముదిరితే ఆ డాబా మీద కాలు పెట్టే సందుండేది కాదు. మా అమ్మ గోరుచిక్కుడుకాయల్ని ఉప్పునీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి, వార్చి, పాత చీర మీద పరిచేది. కాకరకాయ చక్రాలు, వంకాయ చీలికలు, ఉప్పూ పసుపూ పట్టించిన టమాటా ముక్కలు. గాలిదుమారానికి రాలిన మామిడికాయలు బాటసింగారం మార్కెట్‌లో దొరికితే ఒక గోనెసంచి తెచ్చి పడేసేవాణ్ణి, వాటిని ముక్కలు కోసి ఎండబెట్టేది. నాలుగైదు ఎండలు తగిలాక ఒక ముక్క తీసి విరిచి చూసేది. టక్కున విరిగితే ఒరుగు అయినట్టే, డబ్బాలోకి; వంగితే మళ్లీ ఎండలోకి. పెద్దమ్మది అవతలి మూల. ఆమె బూడిదగుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు పెట్టుకునేది.

"బజార్ల ఏడాదంతా కూరగాయలు దొరుకుతయ్ గదనే, ఎందుకే నీకీ పరేషాని?" అని ఓసారి అన్నాను.

"దొరుకుతయ్ రా. గా కూరగాయలల్ల గిసొంటి రుచి దొరుకుతదా? పెట్టింది తిని పో," అంది అమ్మ.

వాన ముసురు పట్టిన రోజు గోరుచిక్కుడు ఒరుగుల్ని నూనెలో దోరగా వేయించి ఉప్పూకారం చల్లి పెడితే, ఇంకో గిన్నె అన్నం లాగించేవాణ్ణి. మామిడి ఒరుగు పడితే పప్పుకు వేరే చింతపండు అక్కర్లేదు. ఊళ్లో ఉన్న ఇల్లు పోయింది, పొలం పోయింది. అమ్మ చేతిలో మిగిలిన పెత్తనం ఆ డాబా ఒక్కటే, అది నాకు తెలుసు.

కోతులు వచ్చింది ఆ ఏడు ఎండాకాలంలోనే. పదీ పన్నెండు ఉండేవి. తినేవి తక్కువ, పాడుచేసేవి ఎక్కువ. చీరలు పీకి, ముక్కలు సందులోకి విసిరి, వడియాల మీద ఉచ్చ పోసి పోయేవి. వాటికో పెద్ద మగకోతి, తోక సగం తెగిన మొండిది. వాణ్ణి చూస్తేనే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు అమ్మ అదిలించబోతే ఆ మొండోడు మీదికి దూకి పిక్క పట్టి పీకాడు. నేను పైకి ఉరికేసరికి అమ్మ టమాటా ముక్కల మధ్య కూలబడి ఉంది. ఏది రక్తమో ఏది టమాటానో తెలియలేదు. దవాఖానలో కుట్లు వేశారు, సూదులిచ్చారు. అమ్మ పళ్ల బిగువున ఓర్చుకుంది గానీ నేను ఓర్చుకోలేకపోయాను.

మా ఊళ్లో అడవిపందులు చేన్లో పడకుండా చుట్టూ ఇనుప తీగ కట్టి కరెంటు ఇచ్చేవాళ్లు. తప్పని అందరికీ తెలుసు, అయినా ఇచ్చేవాళ్లు. నా చిన్నప్పుడు అట్లాంటి తీగకు మా మేనమామ ఎద్దు తగులుకుని నాలుక బయటపెట్టి పడిపోయింది. దాన్ని కళ్లారా చూసినవాణ్ణి నేను. చూసి కూడా మర్నాడు పొద్దున్నే డాబా పిట్టగోడ పొడుగునా తీగ లాగాను. స్విచ్చు మా వంటింట్లో. షాపుకు పోతూ వేస్తాను, మధ్యాహ్నం అన్నానికి వచ్చి ఆపేస్తాను, ఈలోపు ఎవ్వరూ డాబా ఎక్కొద్దని కానూను పెట్టాను.

"వద్దు కొడుకా," అంది అమ్మ. "కోతి పోతే పోయె. మనిషి తాకితే ఎట్ల? యాది మరిచి నేనే తాకుతనేమో. నా పానం పోతదిరా."

"స్విచ్చు నా చేతుల ఉన్నది. ఏం గాదు. నువ్వూకో."

పెద్దమ్మ ఊరుకోలేదు. "ఏమయ్యా, నీ బుర్ర పనిచేస్తోందా? ముసలాళ్లం ఇద్దరం తిరిగే చోట ఇదేం పని?" అని మెట్ల మీదే నిలదీసింది. నేను ఆమె పక్కనుంచి దిగిపోయాను. ఆ రోజుల్లో నా పొగరు అట్లా ఉండేది.

నాలుగో రోజు తీగకు కోతి పడింది. మొండోడు కాదు. పొట్టకు పిల్లను కరుచుకున్న ఆడకోతి. దెబ్బకు ఎగిరి మూడంతస్తుల కింద సందులో పడింది. నేను అన్నానికి వస్తున్న వేళే అది. దాని మూతి దగ్గర నెత్తురు. పిల్ల బతికే ఉంది, చచ్చిన తల్లి వెంట్రుకలు పట్టుకుని కీచుమని అరుస్తోంది. ఇంతలో మొండోడు గోడ దిగి వచ్చి, చుట్టూ మూగిన జనాన్ని పళ్లికిలించి బెదరగొట్టి, పిల్లను ఎత్తుకుపోయాడు. ఆంజనేయస్వామి అని సందులో ఆడవాళ్లు ఏడ్చారు. కరెంటు స్తంభం నుంచి పడిందని అబద్ధం చెప్పాను. నిజం తెలిస్తే అక్కడే నా వీపు చీరేసేవాళ్లు. పసుపూ కుంకుమా చల్లి, గుడ్డలో చుట్టి, తలా ఒక పువ్వు వేసి పాతిపెట్టారు. ఆ గుంత తవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఛీ, ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే రోత.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. "స్తంభం నుంచి పడిందా? ఎవరికి చెబుతావు ఈ కబుర్లు? రేపు పొద్దుగూకేలోపు ఆ తీగ తీస్తావా, ఓనరు దగ్గరికి నన్ను పొమ్మంటావా?"

"పోండి! మీ వడియాలు కూడ కాపాడుతున్న గదా, తిని కూసోక మీకెందుకు పెద్దమ్మా?"

"నీ తీగ కాపాడిన వడియం నా గొంతు దిగదయ్యా."

అమ్మ మా ఇద్దరి మధ్యకు వచ్చి చేతులు జోడించింది. నిజం చెప్పాలంటే, ఆ కోతిని పాతిపెట్టినప్పుడే తీగ తీసేద్దామని అనుకున్నాను. పెద్దమ్మ గడువు పెట్టింది కాబట్టి తీయలేదు. అంతే. దానికి ఇంకో కారణం లేదు. మర్నాడు పొద్దున షాపుకు పోతూ, అమ్మ చూస్తుండగానే స్విచ్చు వేశాను.

పదకొండింటికి మూసారాంబాగ్ దిక్కున మబ్బు నల్లగా లేచింది. క్షణాల్లో గాలిదుమారం, రోడ్డు మీద ఫ్లెక్సీలు చిరిగి ఎగురుతున్నాయి. ఈ ఊళ్లో గాలి లేచిందంటే కరెంటు పోతుంది. షాపులో ఫ్యాన్ ఆగిపోయింది. ఒరుగులు ఎండబెట్టే ఇళ్లలో మబ్బు కనపడితే ఇంకేమీ గుర్తుండదు. పొయ్యి మీద పాలున్నా వదిలేసి డాబా ఎక్కుతారు. అమ్మ ఎక్కి ఉంటుందనుకున్నాను. కరెంటు లేదు కదా, భయం లేదనుకున్నాను. ఒరుగులు ఎత్తడానికి సాయం చేద్దామని షట్టర్ సగం దించి బండి తీశాను.

అమ్మ కూడా అట్లాగే అనుకుంది. ఇంట్లో బల్బు ఆరింది, ఫ్యాన్ ఆగింది, ఇంక తీగలో ఏముంటుంది? స్విచ్చు ఆపడం ఎందుకని ఎక్కేసింది. వైండింగ్ పని చేసే నేనే అట్లా అనుకున్నప్పుడు, ఆమెను ఏమనగలను?

మెట్లెక్కి డాబా తలుపు దగ్గరికి వచ్చేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. పెద్దమ్మ వీపు నా వైపు ఉంది. కాకుల్ని తోలడానికి పెట్టుకున్న వెదురుకర్ర ఆమె రెండు చేతుల్లో ఉంది. కర్ర లేచింది, దిగింది. మళ్లీ లేచింది. మూడో దెబ్బకు అమ్మ ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నా చెవులతో విన్నాను. అమ్మ పిట్టగోడ పక్కనుంచి ఒరుగుల మీదకు ఒరిగిపోయింది.

మా అమ్మను కొడుతోంది! నిన్న నా మీద తీరని కసి మా అమ్మ మీద తీర్చుకుంటోంది! నా బుర్రలో ఇంకేమీ లేదు. రెండంగల్లో వెళ్లి పెద్దమ్మ భుజం పట్టి ఇటు తిప్పి, ఉన్న బలమంతా పెట్టి ఎడమ చెంప మీద కొట్టాను. ఆమె వెళ్లి నీళ్ల ట్యాంకుకు గుద్దుకుని కింద పడింది. కాలెత్తాను కూడా. ఆమె అరవలేదు. పడిన చోటినుంచే కర్ర చాచి నా వెనక చూపించింది.

"కరెంటొచ్చింది... తీగ వదల్లేకపోయింది... స్విచ్చు కట్టెయ్, ముందు వెళ్లి కట్టెయ్!"

వెనక్కి తిరిగి చూశాను. ఒక చోట తెగి వేలాడుతున్న నా తీగ మీద చినుకు పడినప్పుడల్లా జుయ్యిమంటోంది. అది అమ్మ కాలికి జానెడు దూరంలో ఉంది. అప్పుడు అర్థమైంది. గోడ మీది ఇటుక కింద ఒరుగులు పరిచిన చీర చెంగు ఇరుక్కుంటే, అమ్మ తీగ పైకెత్తి పట్టుకుని లాగింది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. చేయి బిగుసుకుపోయింది. పెద్దమ్మ అమ్మను ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఇద్దరూ పోయేవాళ్లు. చేయి ఊడేదాకా కర్రతో కొట్టింది.

పరుగెత్తి స్విచ్చు కట్టేశాను. అమ్మ అరచేయి కాలి నల్లగా గీత పడింది. ఊపిరి ఉంది. ఆటోలో అమ్మ తల నా ఒళ్లో, పక్కన పెద్దమ్మ చెంగు చెవికి అదుముకుని. చెంగు ఎర్రగా తడిసింది.

అక్కడ డాక్టరు పెద్దమ్మను అడిగాడు, ఈ దెబ్బ ఎట్లా తగిలిందమ్మా అని. జారి పడ్డానంటుందని, సిగ్గులేకుండా, మనసులో ఆశపడ్డాను.

"ఇతను కొట్టాడు," అంది నన్ను చూపించి.

"పోలీసులకు చెప్పమంటారా?"

"వాళ్లమ్మ చెయ్యి విరగ్గొట్టింది నేను. నా చెవి పగలగొట్టింది అతను. మధ్యలో వాళ్లొచ్చి ఏం తేలుస్తారు? కుట్టేది ఉంటే కుట్టండి."

డాక్టరు, నర్సు, బల్ల మీద కూర్చున్న వేరే రోగులు, అందరూ నన్నే చూశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమ్మకు తెలివి వచ్చాక నా మొహం చూడలేదు. గోడ వైపు తిరిగి అంది, "నన్ను సంపే తీగ నువ్వే కడితివి. బతికిచ్చినామెను నువ్వే కొడితివి. అవుతలికి పో, జరసేపు నా కండ్ల ముంగట ఉండకు." వరండాలో నిలబడి ఏడ్చాను. ఎవరూ వచ్చి ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ లేదు.

అమ్మ ముంజేయి కొంచెం వంకరగా అతుక్కుంది. కత్తిపీట మీద కాయలు కోసేటప్పుడు ఇప్పటికీ పళ్లు బిగబడుతుంది. తీగ ఆ రోజే పీకి పారేశాను. పెద్దమ్మ ఎడమ చెవికి వినికిడి మాత్రం తిరిగి రాలేదు. లోపల నరం దెబ్బతిన్నదన్నారు. ఆమె ఇల్లు మారలేదు, ఓనరుకు చెప్పలేదు. అమ్మతో ఎప్పటిలాగే ఉంటుంది. నాతో మాట్లాడాల్సి వస్తే ముక్తసరిగా మాట్లాడుతుంది.

నాలుగైదు నెలలు నా నోట్లో ఒక మాట నానింది. ఒక ఆదివారం ధైర్యం తెచ్చుకుని డాబా ఎక్కాను. పెద్దమ్మ ఒక్కతే పీట మీద కూర్చుని వడియాలు పెడుతోంది. పక్కన వెళ్లి నిలబడ్డాను. కళ్లు పైకెత్తలేకపోయాను. "తప్పయింది పెద్దమ్మా. నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను. మాట పూర్తిగానే వచ్చింది.

ఆమె పలకలేదు. పిండి చేతితో ఇంకో వడియం పెట్టింది, ఇంకోటి పెట్టింది. క్షమించలేదు, న్యాయమే అనుకున్నాను. ఆ తర్వాత నా నీడ ఆమె చేతి మీద పడినట్టుంది, ఉలిక్కిపడి తల తిప్పి చూసింది. అప్పుడు తెలిసింది, నేను నిలబడింది ఆమె ఎడమ పక్క.

"ఎంతసేపైంది వచ్చి? ఏమన్నా అన్నావా?" అని కుడి చెవి నా వైపు పెట్టింది.

కోపమొస్తే సందు చివరి దాకా వినపడే గొంతు నాది. "ఏం లేదు పెద్దమ్మా," అన్నాను.