హవల్దారు ఇంట్లో తెరిచిన సీసా

1961లో, పసుపు అంగడి ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఆబ్కారీ సబ్ ఇన్‌స్పెక్టరుగా ఆర్మూరులో చేరాను. అంతకుముందు నేను పనిచేసింది కోస్తాలో, మద్యనిషేధం ఉన్న జిల్లాలో. అక్కడ సీసా కనబడితే కేసే. ఇక్కడ కల్లు దుకాణాలను సర్కారే వేలం వేసేది. చెట్టుకు నంబరు, దుకాణానికి లైసెన్సు, మాకు తనిఖీ. పట్టుకోవడం తప్ప తెలియని నాకు అనుమతించడం నేర్చుకోవడానికి కొంతకాలం పట్టింది. పైగా నేను చుక్క ముట్టను. పళ్లు లేనివాడికి శనగల కొట్టు అప్పజెప్పారని మా ఆవిడ నవ్వేది.

నా హద్దులో విదేశీ మద్యం ఇంట్లో నిల్వ ఉంచుకునే పర్మిట్ ఒక్కరికే ఉండేది. ఆయన లింబాద్రి. సికింద్రాబాద్‌లో పటాలం వారి మెస్‌లో హవల్దారుగా చేసి, పింఛను మీద సొంతూరికి వచ్చి పసుపు వేసుకుంటున్నాడు. ఊరంతా హవల్దార్ సాబ్ అనేవారు. ఏటా పసుపు అమ్ముడుపోయాక నలుగురు దోస్తులను ఇంటికి పిలిచి దావత్ ఇచ్చేవాడు. పర్మిట్ తనిఖీకి వెళ్లిన నన్ను ఆ సాయంత్రం కూర్చోబెట్టాడు. తాగనని చెబితే, తినడానికి పర్మిట్ అక్కర్లేదు కదా అన్నాడు.

ఆ దావత్‌లో కంచాలు లేవు. అన్నీ చేత్తో తీసుకుని తినేవే. తెల్ల వైను పక్కన వేడి మక్క గారెలు, గోదావరి నుంచి నందిపేట్ మీదుగా వచ్చిన చిన్న చేపల వేపుడు. తియ్యటి ఎర్ర వైను పక్కన నువ్వులు దట్టంగా వేసిన సకినాలు, ఉప్పు మిరియాలతో వేయించిన కారిజం, అంటే మేక కాలేయం. ఏది దేని పక్కన ఉండాలో ఆయన ఒక్క మాటలో చెప్పాడు. "ఉప్పుకు తీపి జోడు, నూనెకు పులుపు జోడు. కారంకు కల్లే జోడు సారూ, వైను గాదు." అందుకే దావత్ రోజున ఆ వంటింట్లో మిరప్పొడి డబ్బా మూత తీయనిచ్చేవాడు కాదు. పసుపు కూడా నిషిద్ధమే. వేళ్లకు అంటిన పసుపు గ్లాసుకు అంటుతుందట. పసుపు దుమ్ముతో గోడలు సైతం పచ్చబడిన ఊళ్లో ఆ నియమం పాటించడం మాటలు కాదు. ఆయన భార్య నర్సవ్వ పొయ్యి దగ్గరికి వెళ్లే ముందు మోచేతుల దాకా కుంకుడురసంతో కడుక్కునేది. ఆయన చిన్ననాటి దోస్తు ఖాసిం సాబ్ కూడా నాలాగే తాగడు, కారిజం కోసం వచ్చేవాడు. మేమిద్దరం ఒక మూల తింటూ కూర్చున్నాం. నాకు ఆ ఊళ్లో మొదటిసారి మనసు కుదుటపడింది ఆ పూటే.

మరుసటి ఏడు దావత్ జరిగిన కొద్దిరోజులకే హవల్దారు గుండె ఆగి చనిపోయాడు. కబురు నాకు పంపింది నర్సవ్వే. తాను పోతే ముందు ఆబ్కారీ వాళ్లకు చెప్పమని ఆయన ఏనాడో చెప్పి ఉంచాడట.

పర్మిట్ మనిషి పేరున ఉంటుంది. మనిషి పోతే అదీ పోతుంది. ఇంట్లో ఉన్న సీసాలు ఆ క్షణం నుంచి అనుమతి లేని సరుకే. వారసుల పేరున మార్చుకోవచ్చు గాని, నిజామాబాద్‌లోని సూపరింటెండెంటు ఉత్తర్వు రావాలి. దానికి నెల పైనే పట్టేది. అందాకా ఇద్దరు పంచుల ఎదుట, అంటే సాక్షుల ఎదుట, పంచనామా రాసి, సీసాలకు లక్క సీలు వేసి ఇంటివారికే అప్పజెప్పడం పద్ధతి. దాన్ని సుపుర్ద్‌నామా అనేవారు. తెరిచిన సీసా సంగతి వేరు. అందులోంచి పరీక్షకు నమూనా తీసి, మిగిలింది అధికారి స్వయంగా పంచుల ఎదుట పారబోయాలి.

నేను సీలు వేస్తుంటే నర్సవ్వ తలుపు పక్కన నిలబడి చూసింది. ఒక ఎర్ర వైను సీసా సగం ఉంది. నమూనా సీసాలు నిజామాబాద్ నుంచి రావాలి కాబట్టి దానికీ తాత్కాలికంగా సీలు వేశాను. ఆమె మెల్లగా అడిగింది.

"పెద్దదినం నాడు పిట్టకు పెట్టాలె సారూ. ఆయన గిలాసల ఏం వొయ్యాలె?"

పెద్దదినం, అంటే పెద్దకర్మ నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడు తృప్తిగా పోలేదని అందరి ముందూ అంటారు. ఆ మాట జీవితాంతం భార్య నెత్తినే ఉంటుంది. ఆర్మూరు దుకాణాల్లో కల్లు, సారా తప్ప వైను దొరకదు. కల్లు పోయవచ్చు కదా అని అడిగాను.

"నేను ఈ ఇంటికచ్చినకాంచి ఆయన కల్లు ముట్టంగ సూడలె. కాకి రూపంల ఆయన ఒక్కనాడే అస్తడు, గానాడు గూడ పరాయిది వొయ్యాల్నా?"

నిబంధన చెప్పాను. సీలు తీస్తే ఆమె మీదే కేసవుతుందనీ, నేనూ ఆపలేననీ చెప్పాను. చెబుతున్నప్పుడు నా మాట నాకే కటువుగా వినిపించింది, బాధ కలిగింది. ఆమె వాదించలేదు. "గా సగం సీసా యాడ పారవోస్తరు?" అంది.

నా సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. మురుగు మోరీలో పోస్తామన్నాను.

"ఎట్లయినా పారవోసేదే కదా సారూ. గదేదో పెద్దదినం నాడు, పెరట్ల పారవోయరాదుండ్రి."

చూసి చెబుతానన్నాను. గదికి వెళ్లి నిబంధనలు మళ్లీ చదివాను. నమూనా వీలైనంత త్వరలో తీయాలని ఉంది. పారబోతకు అధికారి, పంచులు ఉండాలని ఉంది. చుక్క కూడా ఎవరి నోటికీ చేరకూడదని ఉంది. చేరితే నా ఉద్యోగానికి ముప్పు. ఆమెకు కబురు పంపాను, వస్తానని, ఎవరూ ముట్టకూడదని. ఆమె సరేనని మాట ఇచ్చింది.

పెద్దదినం నాటికి నమూనా సీసాలు వచ్చాయి. పెరట్లో గోడ పక్కన మోదుగాకు విస్తరి. అందులో సకినాలు, మక్క గారెలు, మిరియాల కారిజం. తోడికోడళ్లు అలవాటు కొద్దీ పసుపు వేసి వండిన కారిజాన్ని నర్సవ్వ పక్కకు పెట్టి, చేతులు కడుక్కుని మళ్లీ వేయించిందట. విస్తరి పక్కన ఆయన మెస్ గ్లాసు. ఖాసిం సాబ్, పక్కింటాయన పంచులు. సీలు చెదరలేదని వాళ్లకు చూపించి, లక్క పగలగొట్టి, నమూనా తీశాను. తర్వాత మిగిలిన దాంట్లోంచి గ్లాసు నింపి విస్తరి పక్కన పెట్టాను. నా చేత్తో వైను పోయడం అదే మొదలు, అదే చివర.

అప్పుడు హవల్దారు అన్న గంగారాం ముందుకొచ్చాడు. పిట్టకు పెట్టినదాంట్లో తలా ఇంత తీసుకోవడం వాళ్ల ఆచారం. సీసాలో ఇంకా ఉంది కదా, తలా ఒక చుక్క తీర్థం లెక్క పోయమని చెయ్యి చాపాడు. పెద్దవాడు, ఏడుస్తున్నాడు. నేను నోరు తెరిచేలోగా నర్సవ్వ అడ్డం వచ్చింది.

"బావా, గిది తాగేది గాదు, పారవోసేది. సారుకు మాట ఇచ్చిన."

గంగారాం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందరం దూరం జరిగాం. చాలాసేపు ఏమీ రాలేదు. నర్సవ్వ ఆకాశం వైపు చూడలేదు, విస్తరి వైపే చూస్తూ నిలబడింది. చివరికి ఒక కాకి గోడ మీద వాలింది. గ్లాసు వైపు తల వంచి చూసి, కారిజం ముక్క తీసుకుని ఎగిరిపోయింది. ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడ్చారు. "ఔర్ క్యా, వైను పక్కన వాడికి గదే గావాలె" అని ఖాసిం సాబ్ కళ్లు తుడుచుకున్నాడు.

గ్లాసులోదీ సీసాలోదీ విస్తరి చుట్టూ నేల మీద పోశాను. అక్కడే కూర్చుని, మిగిలిన మద్యాన్ని పంచుల సమక్షంలో నేలపై పారబోయడమైనది అని పంచనామాలో రాశాను. ఖాసిం సాబ్ ఉర్దూలో సంతకం చేశాడు. రాసింది చదివి వినిపించాను. నర్సవ్వ విని, తల అడ్డంగా ఊపింది.

"మీరు పారవోయలేదు సారూ. సాక వోసిండ్రు."

సాక అంటే ఆ ప్రాంతంలో దేవతలకూ పెద్దలకూ నేల మీద ధారగా పోసేది. పంచనామాలో మాట మార్చలేదు, మార్చే అవసరమూ లేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో పారబోతలకు నిలబడ్డాను. పారబోసే ముందు ఆ ఇంటివారిని ఒక మాట అడగడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. ఏం పారబోయాలో, ఎవరి ఎదుట పారబోయాలో నిబంధన చెబుతుంది. ఎక్కడ పారబోయాలో చెప్పదు.