పిన్ని అని పిలవమన్న రోజు

ఎంసీఏలో చేరేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, నా కూతురికి రెండున్నర. దాని తండ్రి అప్పటికే మమ్మల్ని వదిలి ఏడాది దాటింది. సంసారం తనకు సరిపడలేదని చెప్పి వెళ్లాడు. ఎక్కడున్నాడో తెలుసు, వెళ్లి అడగలేదు. కర్నూలు నుంచి మా నాన్న వచ్చి, "ఇంగ నీకు సదువేందికి? ఇంటికొచ్చి నోరు మూసుకోనుండు" అన్నాడు. నోరు మూసుకుని ఉండలేకే చందానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్లు చెప్పేదాన్ని.

ఇంటావిడ మెదక్ వైపు మనిషి. "పిల్లను నా కాడ ఇడ్సిపెట్టి పో బిడ్డా, మా పిల్లలతోని గింత తింటది" అని తనే అంది. ఆ మంచితనాన్ని నేను అరిగిపోయేదాకా వాడుకున్నాను. రెండో ఏడాదికి ఆమె గొంతు మారింది. "జర జల్దీ రారాదూ? నాకు గూడ పనులుంటయ్ గద" అనేది. తప్పు ఆమెది కాదు.

కాలేజీ మియాపూర్ దాటాక ఉండేది. కంప్యూటర్లు తక్కువ, ఇద్దరికొకటి. క్లాసులయ్యాక నాలుగింటి నుంచి ఎవరైనా ల్యాబ్‌లో కూర్చోవచ్చు. నాలుగింటికి నేను బస్టాపులో ఉండాలి. అందుకని ప్రోగ్రాములు కాగితం మీద రాసుకుని, తప్పులు తలలోనే వెతుక్కునేదాన్ని. పిల్లకు జ్వరం వచ్చినప్పుడల్లా హాజరు తగ్గేది. సెలవు చీటీలో "అనారోగ్యం" అని రాసేదాన్ని, ఎవరికో రాసేదాన్ని కాదు. ఒకసారి అది నా ల్యాబ్ రికార్డు మీద క్రేయాన్లతో ఏనుగును గీసింది. మర్నాడే రికార్డు చూపించాలి. చెంప మీద కొట్టాను. ఆ దెబ్బ తనకు గుర్తే లేదంటుంది. నాకుంది.

చివరి ఏడాది, మాదాపూర్‌లో కొత్తగా వచ్చిన ఒక చిన్న కంపెనీ మా కాలేజీ నుంచి కొందరిని ఇంటర్వ్యూకు పిలిచింది. నేను నింపిన ఫారం చూసి మా లెక్చరర్ మేడమ్ నన్ను పక్కకు పిలిచారు.

"పెళ్లయిందని ఎందుకు రాశావమ్మా?"

"అయింది కదా మేడమ్."

"మొదట అడిగేది మార్కుల గురించి కాదు, పిల్లను ఎవరు చూస్తారని. నా మాట విను. ఇంకో ఫారం తీసుకో."

ఆవిడ నా మేలు కోరే చెప్పారు. కొత్త ఫారంలో అవివాహిత అని రాసి, ఇంటికెళ్లి మట్టెలు తీసేశాను. మొగుడు లేకపోయినా నలుగురి నోళ్లకు భయపడి ఉంచుకున్న మట్టెలు అవి.

ఇంటర్వ్యూ రోజు పొద్దున ఇంటావిడ సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడింది. "మా అత్తకు పాణం బాగలేదంట బిడ్డా. ఇగ నేను పోవాలె. ఏమనుకోకు." ఇంకెవరూ లేరు. పిల్లకు ఉతికిన గౌను తొడిగి వెంట తీసుకెళ్లాను.

బస్సులో దానికి చెప్పాను. "ఇవాళ ఒక ఆట ఆడదాం. నన్ను అమ్మా అనకూడదు. పిన్నీ అనాలి."

"ఎంతసేపు?"

"మళ్లీ బస్సెక్కేదాకా."

అప్పటికి దానికి అయిదేళ్లు. బుద్ధిగా తలూపింది.

ఆ కంపెనీ ఉన్న భవనం ఇంకా పూర్తికాలేదు. పై అంతస్తులో పని నడుస్తోంది, మెట్లకు రెయిలింగ్ లేదు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి దగ్గర పిల్లను కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను. ఇద్దరు మగవాళ్లు అడుగుతున్నారు, నేను బాగానే చెబుతున్నాను. మూడో ప్రశ్న దగ్గర బయట ఏదో పడ్డ చప్పుడైంది. ఆ వెంటనే ఏడుపు. "పిన్నీ! పిన్నీ!"

ఇద్దరిలో పెద్దాయన తలెత్తాడు. "మీతో వచ్చిన పాపేనాండీ?"

"మా అక్క కూతురండి."

"వెళ్లి చూసి రండి, ఫర్వాలేదు."

"అవసరం లేదు సార్. అక్కడ చూసుకునేవాళ్లున్నారు."

అని, సగంలో ఆగిన జవాబు పూర్తిచేశాను. ఆ తర్వాత మరో రెండు ప్రశ్నలకు కూడా చెప్పాను. నా కడుపున పుట్టింది తలుపవతల ఏడుస్తూ, అంత నొప్పిలోనూ ఆట తప్పకుండా పిన్నీ అనే పిలుస్తోంది. ఒక్కసారి అమ్మా అని ఉంటే లేచేదాన్నేమో. ఏమో, అప్పుడూ లేచేదాన్ని కాదేమో.

బయటికొచ్చేసరికి రిసెప్షన్ అమ్మాయి చేతిరుమాలు ఎర్రగా తడిసి ఉంది. పిల్ల మెట్ల మీద జారిపడిందట, గడ్డం కింద చీలింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్తే మూడు కుట్లు వేశారు. కుట్లు వేస్తున్న డాక్టరు దాన్ని మరిపించడానికి, "ఈమె నీకేమవుతుందమ్మా?" అని అడిగింది. అది వెంటనే చెప్పలేదు. ఏమని చెప్పాలో తెలుసుకోవడానికి ముందు నా ముఖంలోకి చూసింది.

"అమ్మనే" అన్నాను నేను. అప్పుడు ఏడ్చింది.

ఉద్యోగం వచ్చింది. రెండేళ్లు ఆ అబద్ధంతోనే పనిచేశాను. ఆఫీసులో అందరూ పిల్లలను తీసుకొచ్చే రోజున నాది ఇంట్లోనే ఉండేది. నా పైఅధికారి బల్ల మీద ఆయన ఇద్దరు పిల్లల ఫొటో ఉండేది. వాళ్లను ఎవరు చూస్తారని ఆయన్నెవరూ అడిగినట్టు లేదు. చివరికి ఒకరోజు ఆయనకే నిజం చెప్పాను.

"అయ్యో, ముందే చెప్పాల్సిందండీ. మేమేమన్నా అనుకుంటామా?" అన్నాడు.

ఆ నెలలోనే బెంగుళూరు పంపేవాళ్ల జాబితాలోంచి నా పేరు తీసేశారు. ఎందుకని అడిగితే, "మీకు పాప ఉంది కదండీ, ఇబ్బంది పడతారని" అన్నాడు. నిజంగానే జాలిపడుతూ అన్నాడు.

రాజీనామా ఇచ్చాను. ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ కూతురు ఉందని, దాన్ని నేనొక్కదాన్నే పెంచుతున్నానని రాశాను. రెండు చోట్ల పిలవనే లేదు. మూడో చోట ఒకావిడ ఆ ఫారం చదివి, "పాప ఏ క్లాసు?" అని మాత్రమే అడిగి, పని గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. అక్కడ పదకొండేళ్లు ఉన్నాను. ఇలా కూడా జరగవచ్చని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనుకుంటాను. చెప్పినా, అప్పుడు నేను నమ్మేదాన్ని కాదు.