మూడోసారి అడగని ఊరు

ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చిన ఆ కొత్తలో నా దగ్గర రెండు జతల బట్టలు, ఒక చాప, బోలెడంత భీమవరం మర్యాద ఉండేవి. బట్టలు చిరిగాయి, చాప ఎవరో పట్టుకుపోయారు, మర్యాద మాత్రం వదల్లేదు. మా వైపు ఎవరైనా తినమని పిలిస్తే మొదటిసారి "అబ్బే, వద్దండి" అనాలి. రెండోసారి "ఇప్పుడే తిన్నానండి" అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే, వాళ్ళ మాట కాదనలేక అన్నట్టు తినాలి. మొదటి పిలుపుకే కూర్చున్నవాణ్ణి చూసి మా మేనత్త, "వాళ్ళింట్లో పెట్టరేంటి పాపం" అనేది. (నన్ను పెంచింది ఆవిడే. అందుకని ఈ చదువు ఒక్కటీ నాకు బాగా వంటబట్టింది.)

హైదరాబాదుతో చిక్కేమిటంటే, ఇక్కడివాళ్ళు ఒక్కసారే అడుగుతారు. పైగా మనం చెప్పింది నమ్ముతారు. పక్కగది కుర్రాళ్ళు బిర్యానీ పొట్లం విప్పి "తింటావా?" అన్నారు. "అబ్బే, వద్దండి" అన్నాను. "సరే" అని మొదలుపెట్టారు. రెండో పిలుపు కోసం గుమ్మం దగ్గరే తచ్చాడాను, ఎముకలు మిగిలేదాకా. పాపం వీళ్ళకి మర్యాద తెలియదని జాలిపడి, మంచినీళ్ళు తాగి పడుకున్నాను. అలా ఎన్ని పూటలు పస్తున్నా పద్ధతి మార్చుకోలేదు. ఊరు వదిలామని ఊరి పరువు కూడా వదిలేస్తామా?

నేను పనిచేసేది రొయ్యల మేత అమ్మే కంపెనీలో. ఎప్పుడెప్పుడు మా ఊరు వెళ్ళిపోదామా అని ప్రాణం కొట్టుకుపోతున్న సమయంలో, భీమవరంలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారని తెలిసింది. నన్ను తప్ప ఎవర్ని పంపుతారని నా ధీమా. అత్తయ్యకి ఫోన్ చేసి, మేడ మీద గది ఖాళీ చేయించమని కూడా చెప్పేశాను.

మేనేజరు గారు పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. నన్ను పిలిచి, "భీమవరం బ్రాంచికి వెళ్తావా?" అన్నారు. నా గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం అత్తయ్య పెంచిన నోరాయె. "అబ్బే, నాకెందుకండి. ఎవరైనా పెద్దవాళ్ళని పంపండి" అంది. ఆయన తలెత్తి, "నిజంగానా? మీ ఊరే కదా" అన్నారు. రెండో పిలుపు! ఫర్వాలేదు, ఈయనకి పద్ధతి తెలుసు అనుకుని పొంగిపోయాను. "ఊరికేముందిలెండి, నాకిక్కడే బాగుంది" అని మెలికలు తిరుగుతూ చెప్పి, మూడోదాని కోసం తల వంచుకుని నిలబడ్డాను. "సరే, ఉన్నమాట చెప్పావు, సంతోషం" అని ఆయన మా జూనియర్‌ని పిలిచారు. అతనిది వరంగల్. "పోతా సార్" అన్నాడు. అంతే, మా ఊరు వాడిదైపోయింది. నేను బాత్రూంలో కుళాయి విప్పుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాను.

మళ్ళీ వెళ్ళి అడగొచ్చుగా అంటారేమో. పెడితే వద్దని, తర్వాత వెళ్ళి అడుక్కోవడమా! అత్తయ్యకి మాత్రం "వాళ్ళు సరిగ్గా బలవంతం చెయ్యలేదత్తయ్యా" అని చెప్పుకున్నాను. "అలాంటి చోట నువ్వెలా ఉంటున్నావురా" అని బాధపడి, ఖాళీ చేయించిన గది వరంగల్ వాడికే అద్దెకిచ్చింది. కొన్నాళ్ళకి వాడు ఫోన్ చేశాడు.

"ఏం ఊరన్నా ఇది? వద్దంటె ఇంటలేరు. మీ అత్తమ్మయితే చేపల పులుసు గిన్నె నా కంచంల బోర్లిచ్చింది."

"నువ్వు వద్దన్నావా?"

"అన్న. ఒక్కసారి కాదు, రెండుసార్లన్న."

"మరింకేం, మూడోసారి పెట్టమన్నట్టే కదరా" అన్నాను. నా కళ్ళలో నీళ్ళు, నోట్లోనూ నీళ్ళు.

ఏళ్ళు గడిచాయి. నేనూ ఇక్కడ మొదటి పిలుపుకే కంచం లాక్కోవడం నేర్చుకున్నాను. మొన్న వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. "అన్నయ్యగారూ, ఇల్లు కట్టానండి. గృహప్రవేశానికి మా ఊరు రావాలండి." మా ఊరట! ఉక్రోషమో ఏమో, "ఎందుకులేరా, నీకు శ్రమ" అన్నాను. "శ్రమేంటండి, మీరు రాకపోతే ఎలాగండి?" "సెలవు దొరకదేమోరా." "అదేం కుదరదండి. కారు పంపిస్తాను, ఎక్కి కూర్చోండి, అంతే." ఇన్నేళ్ళ హైదరాబాదులో నన్నెవరూ మూడోసారి అడగలేదు. వాడి మాట పూర్తి కాకుండానే "వస్తున్నా" అనేశాను. ఆ తొందరేదో ఆనాడు మేనేజరు గారి ముందు పడుంటే, ఇవాళ పిలిచేవాణ్ణి నేను, వచ్చేవాడు వాడు. కాకపోతే వాడు మొదటి పిలుపుకే వచ్చేసేవాడు. బతిమాలి పిలిచే సరదా నాకు దక్కేది కాదు.