ఒక్క ఫ్లాపీ చాలన్నాను

తొంభైల మాట. మా కోడలు తెలుగు టైపు నేర్చుకుని, కరీంనగర్‌లో మా ముందుగదిలోనే ఒక కంప్యూటర్ పెట్టుకుంది. మొదట దొరికిన పెద్ద పని చర్చి స్త్రీల సమాజం వాళ్ళ పాటల పుస్తకం. అచ్చు ఆదిలాబాద్‌లో. ఇది బాగా వస్తే ఇక తన టైపు పనంతా ఆమెకే ఇస్తానని ప్రెస్సాయన మాటిచ్చాడు.

ఆదిలాబాద్ నా పుట్టిల్లు. ఎలాగూ తమ్ముణ్ణి చూడబోతున్నాను, పుస్తకం ఎక్కించిన ఫ్లాపీ నేనే పట్టుకుపోతానన్నాను.

"రెండు గావాలె అత్తమ్మా. ఒకదాంట్ల పుస్తకం, ఇంకోదాంట్ల ఫాంట్లు."

"గవేంది?"

"అక్షరాల రూపులు. అవి లేకుంటే గా కంప్యూటర్ల తెలుగు కనవడది."

నేను చదివింది మూడో తరగతి. కానీ అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించే మనిషిని, రెండు ఫ్లాపీలకు ఒప్పుకుంటానా?

"ఒక్కదాంట్లనే కుక్కు. మా ఆదిలాబాద్ల ఇంటెడు పత్తిని మిషన్ల ఒత్తి ఇంత బేలు జేస్తరు. ఇప్పితే మళ్ళ పత్తేనాయె."

"జిప్ చేస్త. అయినా ఫాంట్లు పట్టయి."

"పట్టకుంటే ఇడిశిపెట్టు. అంత పెద్ద ప్రెస్సుల అక్షరాలుండయా?"

కోడలు పుస్తకం ఒక్కటే ఎక్కించి ఫ్లాపీ నా చేతికిచ్చింది. మా ఇంట్లో నా మాటకు ఎదురులేదు.

ఆదిలాబాద్‌లో ప్రెస్సాయన జిప్ విప్పి ఫైలు తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొంకులు. తన దగ్గరున్న వేరే ఫాంటు పెట్టి చూశాడు. ఈసారి వచ్చింది తెలుగే, కానీ ఒత్తు ఒకచోట, దీర్ఘం ఒకచోట, ఒక్క మాటా కుదురుగా లేదు.

"గిదేం పాట అవ్వా? దేవునికి సుత సమజ్ గాదు," అని పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఆదివారం చర్చిల కూడిక ఉన్నది, అప్పటికి పుస్తకం గావాలె. మీ కోడలుకు పని రాదు. వేరేటోళ్ళతోని టైపు జేపిస్త."

నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి "తప్పు నాది" అన్న మాట నా నోట ఎవరూ వినలేదు. అక్కడ అనాల్సి వచ్చింది.

"ఆగు బిడ్డా. ఆమెకు పని మంచిగొస్తది. రెండు ఫ్లాపీలిస్తనన్నది, నేనే వద్దన్న. తప్పు నాది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "రేపటి దాక ఆగుత," అన్నాడు.

ఎస్టీడీ బూత్ నుంచి కోడలికి ఫోన్ చేశాను.

"ఫాంట్లు ఇంకో ఫ్లాపీల ఎక్కిచ్చి పెట్టిన అత్తమ్మా. మీరు ఫోన్ జేస్తరని ఎరికే."

"ఎరికైతే అప్పుడే ఎందుకు జెప్పలే?"

"చెప్తే ఇంటరా?"

మరునాడు కోడలు మొదటి బస్సుకు బయల్దేరి వచ్చింది. ఫాంట్లు ఎక్కించి ఫైలు తెరవగానే పాటలన్నీ వరుసగా వచ్చేశాయి. ప్రెస్సాయన పేజీ పేజీ చూశాడు. ఒక్క ఒత్తు కూడా తప్పిపోలేదు. అప్పుడు బల్ల కింది నుంచి చేతిరాత కాగితాల కట్ట ఒకటి తీశాడు.

"గిది సుత జేస్తదా అవ్వా?"

"నన్నెందుకడుగుతవ్? ఆమెనడుగు," అని నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల కోడలు ఎన్నాళ్ళు పడుతుందో, ఏమేం కావాలో ఆయనకు చెబుతోంది. ఆమె అంత గట్టిగా మాట్లాడగలదని నాకు ఆ రోజే తెలిసింది.