పార్థసారథి చచ్చిపోయిన వారం

ప్రేమ నవలలు రాసే మనిషికి ప్రేమంటే గౌరవం ఉంటుందని ఎవరైనా అనుకున్నారంటే, వాళ్ళు భిలాయిలో నూకరత్నాన్ని ఎరగరన్నమాట. కథానాయిక కుమిలి కుమిలి ఏడ్చే ఘట్టం రాస్తూ రాస్తూ మధ్యలో లేచి, చేపల పులుసులో ఉప్పు చూసి, "ఏడుపొకటి దీనికి, పనీ పాటా లేక" అని తిట్టుకుని, మళ్ళీ వచ్చి ఆ ఏడుపే ఇంకో పేజీ పొడిగించగల మనిషి ఆవిడ. చదివేవాళ్ళు కొంగులు తడుపుకునేవారు. రాసిన మనిషి కంట్లో చుక్క ఉండేది కాదు.

ఈ గుణం తల్లి చిన్నమ్మలు నుంచి వచ్చింది. తండ్రి తాతబ్బాయి విజయనగరం పక్క నుంచి రైల్వేలో చేరి, భిలాయి దగ్గర కుమ్హారి స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా కుదురుకున్నాడు. రాయపూర్ వెళ్ళినప్పుడల్లా, వాల్తేరు నుంచి వచ్చిన బండి పెట్టెలు ఊడ్చేవాళ్ళ దగ్గర ప్రయాణికులు పారేసిన తెలుగు వారపత్రికలు అడిగి తెచ్చేవాడు. పకోడీల నూనె మరకలతో, అట్టలు ఊడిపోయి, సగం పేజీలు లేకుండా ఉండేవవి. కూతుర్ని హిందీ బడిలో వేసినా, ఆ చింపిరి కాగితాల మీదే తెలుగు అక్షరాలు దిద్దించాడు.

చిన్నమ్మలుకి చదువు రాదు. మధ్యాహ్నం పూట కూతురు చదువుతుంటే బియ్యంలో రాళ్ళేరుతూ వినేది. "ఈడేటి మొగోడే? ఉద్దోగం లేదు, సద్దోగం లేదు. సిగరెట్టు కాల్సుకుంటూ గోడకి ఆనుకుని ఏడుస్తాడేటి? దాన్ని ఇంకోడికిచ్చి సెయ్యమను" అనేది. కథ సరిగ్గా ఊపందుకున్న చోట పేజీలు చిరిగి ఉండేవి. అప్పుడు రత్నం మిగతాది తనే కల్పించి, పేజీలో ఉన్నట్టే కళ్ళు కాగితం మీద ఆనించి చదివేది. నచ్చకపోతే చిన్నమ్మలు "థూ" అనేది. ఆ "థూ" అనకుండా ఉండే దాకా రత్నం ముగింపులు మారుస్తూ పోయేది. ఆవిడ చదువుకున్న నవలా రచన అంతా అదే.

యాభై ఏడులో మేనత్త కొడుకు శంకరరావుకిచ్చి పెళ్ళి చేశారు. భిలాయిలో ఉక్కు ప్లాంటు కడుతున్నప్పుడు ఖలాసీగా చేరి, రష్యా వాళ్ళ దగ్గర క్రేను నడపడం నేర్చుకున్నాడతను. నలభై అడుగుల ఎత్తున గదిలో కూచుని టన్నుల కొద్దీ పట్టాలు సుతారంగా ఎత్తి దించగలడు. కిందికి దిగితే మాత్రం నోట్లో నాలుక ఉండదు. ఆకలి, నిద్ర, షిఫ్టు, ఈ మూడు మాటలతో కాపురం నెట్టుకొచ్చాడు. దేనికైనా "హరషో" అనేవాడు, రష్యా వాళ్ళు బాగుందనడానికి అనే మాట. పులుసు హరషో. చీర హరషో. కొడుకు పుట్టినా హరషోయే.

మాట్లాడే మనిషి ఇంట్లో లేక రత్నం కాగితంతో మాట్లాడ్డం మొదలెట్టింది. మొదటి నవల కాగితం దండగని రెండు వైపులా రాసి పంపింది. కాగితానికి ఒకవైపే రాయాలని అచ్చువేసిన చీటీతో, ఒక్క పేజీ తిప్పిన జాడ లేకుండా తిరిగొచ్చింది. ఆవిడకి పత్రికల వాళ్ళంటే అప్పటి నుంచి చులకన. ఇన్ని కథలు అచ్చేసే వాళ్ళకి కాగితం తిప్పడానికి బద్ధకమేమిటని. ఆ తరువాత శంకరరావు ప్లాంటులో తను పనిచేసే పట్టాల మిల్లులో చెత్తబుట్టకి పోయే పాత షిఫ్టు కాగితాలు తెచ్చిచ్చాడు. ముందు వైపు హిందీలోనూ రష్యన్‌లోనూ గడులు, వెనక వైపు ఖాళీ. ఇప్పుడిక ఒకవైపే రాయక తప్పదు. అలా రాసినవి రెండు పోయి రెండూ తిరిగొచ్చాయి. నాలుగో నవల పంపేముందు, భాష ఎవరికైనా చూపించమని ఇరుగమ్మలూ పొరుగమ్మలూ చెబితే, పోయి పోయి భుజంగరావు చేతిలో పెట్టింది.

భుజంగరావు మిల్లు ఆఫీసులో హెడ్ క్లర్కు, తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి. ప్లాంటులో ఏ కొత్త కొలిమి వెలిగినా దాని మీద ఐదు పద్యాలు రాసి, వినేవాడు దొరికే దాకా జేబులో పెట్టుకు తిరిగేవాడు. సెలవులూ, క్వార్టర్లూ, ప్రమోషన్లూ ఆయన బల్ల మీద నుంచే కదలాలి కనక వినేవాళ్ళకి కరువుండేది కాదు. ఎండాకాలంలో కూడా భుజాన శాలువా. ఎవరో కప్పుతారని ఎదురుచూడలేక తనే కప్పుకున్నట్టుండేది.

"ఆడవాళ్ళ నవలలు నేను చదవనమ్మాయ్. తలనొప్పి. అయినా మీ ఆయన మనవాడు కనక చూస్తాను" అన్నాడు. నాలుగు పేజీలు చూసి, 'కళ్ళు' అన్న చోటల్లా 'నయనారవిందములు' అని దిద్దాడు. రత్నం ఇంటికొచ్చి ఆ అరవిందాలన్నీ కొట్టేసి, మళ్ళీ కళ్ళే పెట్టుకుంది. పోస్టు మాత్రం సంఘం చిరునామాతోనే వెళ్ళింది. కేరాఫ్ భుజంగరావు. క్వార్టరు మారితే ఉత్తరాలు పోతాయని ఆయనే చెప్పాడు. రత్నం చేసిన తెలివితక్కువ పని జీవితం మొత్తానికి అదొక్కటే.

అరవై ఎనిమిదిలో ఆ నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా మొదలైంది. పేరు నూకరత్నం అనే పడింది. పడితే ఏం? ఉత్తరం వచ్చింది భుజంగరావుకి. సంఘంలో ఎవరో అడిగితే ఆయన పొడుం పీల్చి, "ఈ రోజుల్లో పత్రికల్లో ఆడపేర్ల వెనక ఉండేదెవరో అందరికీ తెలిసిందే కదా" అని చిరునవ్వు నవ్వాడు. తను రాశానని అనలేదు. రాయలేదనీ అనలేదు. తక్కినది సంఘం వాళ్ళే అల్లుకున్నారు. పాయింట్స్‌మన్ కూతురు, ఏటి గీటి అనే మనిషి, వెన్నెల గురించి అంత చక్కగా ఎలా రాస్తుందన్నారు. వెన్నెలేదో ఆయన బల్ల మీది ఫైళ్ళలోంచి వచ్చినట్టు.

రత్నానికి ఒళ్ళు మండింది. "నువ్వయినా సెప్పవేటి బావా? రాత్తూ ఉంటే నువ్వు సూళ్ళేదా?" అంది మొగుడితో.

"ఊరుకోయే. నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీదుంది" అన్నాడు శంకరరావు.

"పోనీ, నువ్వు సదివినావా?"

"సదివినాన్లే. హరషో."

అది విని రత్నం చల్లబడింది. ఊరంతా ఏమనుకుంటేనేం, చదవాల్సిన మనిషి చదువుతున్నాడు. నిజంగానే అతను షిఫ్టు దిగి వచ్చి, వారపత్రిక మొహం మీద కప్పుకుని పడుకునేవాడు. చదువుతూ చదువుతూ నిద్రపోయాడనుకునేది.

రచయిత్రికని పత్రికవాళ్ళు పంపే కాపీ ప్రతి బుధవారం భుజంగరావుకి చేరేది. ఆయన పైనున్న చుట్టు కాగితం కూడా విప్పకుండా, "మీ ఆడవాళ్ళకివ్వు" అని శంకరరావు చేతిలో పడేసేవాడు. గురువారం మధ్యాహ్నం పక్క క్వార్టరు మీనాక్షి వరండాలో వీధి ఆడవాళ్ళంతా చేరేవారు. మీనాక్షి పైకి చదివేది. వాళ్ళలోనూ సగం మంది ఇది భుజంగరావు గారి ప్రతిభే అనుకునేవాళ్ళు. రత్నం ఒక మూల కూచుని వంకాయలు తరుగుతూ, తన మాటలు వాళ్ళని ఎక్కడెక్కడ గుచ్చుతున్నాయో చూసుకునేది.

నవలలో కథానాయకుడు పార్థసారథి. కారు లేదు, మేడ లేదు, క్రేను నడుపుతాడు. మాట్లాడడు. ఛాయ అనే అమ్మాయి అతని మౌనాన్ని ప్రేమిస్తుంది. మౌనం వెనక ఏదో ఉందని ఆ పిచ్చిదాని నమ్మకం.

పార్థసారథి చావు రత్నం ముందుగా అనుకున్నది కాదు. ఒకరోజు రెండింటికి షిఫ్టు దిగాల్సిన శంకరరావు ఆరింటికి గానీ రాలేదు. మిల్లులో ఏదో క్రేను తీగ తెగిందని వీధిలో మాట పుట్టింది. ఆ నాలుగు గంటలూ రత్నం గుమ్మంలో నిలబడలేక, కూచోలేక, కాగితాలు ముందేసుకుని పార్థసారథిని చంపేసింది. సొట్టపడ్డ మూతున్న అతని టిఫిను డబ్బా ఇంటికి తిరిగొచ్చినట్టు రాసింది. డబ్బాలో సగం తిన్న రొట్టె ఉన్నట్టు రాసింది. తీరా ఆరింటికి శంకరరావు అదే సొట్ట మూత డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. స్నేహితులతో దుర్గ్ వెళ్ళి సినిమా చూసొచ్చాడట. ఎలా ఉందంటే హరషో అన్నాడు. రత్నం అతని మీద అరిచింది గానీ, రాసింది మాత్రం కొట్టేయలేదు.

ఆ వారం పత్రిక వచ్చినప్పుడు వీధిలో పొయ్యిలు ఆలస్యంగా వెలిగాయి. మీనాక్షి చదవలేక రెండుసార్లు ఆగింది. పక్కనున్న ఉతై ఊరి నుంచి కూరగాయలు తెచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ వీళ్ళ ఏడుపులు చూసి గంప దించి, "కోన్ మరగే, దీదీ?" అని, పోయిందెవరో అడిగి, ఒకరు చెబితే తనూ కాసేపు ఏడ్చి వెళ్ళింది. రత్నం ఎవరి ఏడుపూ పట్టించుకోలేదు. మొగుడు వచ్చి, "ఓలే, నన్ను సంపేసినావేటే?" అంటాడని ఎదురు చూసింది. ఆ డబ్బా అతనిది, ఆ రొట్టె అతనిది, ఆ మౌనం అతనిది. అతనేమీ అనలేదు. రెండో వారమూ అనలేదు, మూడో వారమూ అనలేదు. మాట్లాడని మనిషి, లోపలే దాచుకున్నాడని సర్దుకుంది.

ఆ మూడో వారమే ఒక ప్రచురణకర్త దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నవల పుస్తకంగా వేస్తాడట. వెనక అట్ట మీదికి రచయిత ఫోటో, జీవిత విశేషాలు వెంటనే పంపమన్నాడు. ఉత్తరం ఎవరికొచ్చిందో చెప్పనక్కర్లేదు. భుజంగరావు ఆదివారం సంఘంలో సన్మానసభ పెట్టించాడు. అక్కడ తీసిన ఫోటో, సంఘం తీర్మానం, సోమవారం పోస్టులో వెళ్ళాలి. అది వెళ్ళిందా, నూకరత్నం అన్నది భుజంగరావు కలం పేరుగా అట్టకెక్కి కూచుంటుంది. తరవాత ఆవిడ ఎన్ని రాసినా ఆయనవే.

సభకి వెళ్తూ, "నువ్వు లేచి ఒక్క మాట అను బావా" అని బతిమాలింది.

"ఫైలే" అన్నాడు శంకరరావు.

హాలు నిండింది. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద. అధ్యక్షుడు గురునాథరావు, మిల్లులో ఇంజనీరు, మంచివాడే గానీ నవల తెరిచిన పాపాన పోలేదు. భుజంగరావు కొత్త శాలువా కోసం పాత శాలువా తీసి కుర్చీకి వేలాడేసి, అరగంట మాట్లాడాడు. ఛాయ తన మానసపుత్రి అన్నాడు. స్త్రీ హృదయం తెలియాలంటే పురుషుడే కావాలన్నాడు. దుర్గ్ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు లైటు సర్దుకుంటున్నాడు.

రత్నం చాప మీద నుంచి లేచింది.

"బాబూ, నానొక్క మాట అడగొచ్చా?"

"అడుగమ్మా, అడుగు. పాఠకులే మాకు దేవుళ్ళు."

"ఛాయకీ పార్థసారథికీ పెళ్ళెప్పుడు సేత్తారు?"

ఆడవాళ్ళంతా ఒక్కసారి ఆవిడ వైపు తిరిగారు. భుజంగరావు కళ్ళు మూసుకుని, తల ఆడించి, వరమిస్తున్నట్టు చెయ్యెత్తాడు.

"ఓపిక పట్టాలి తల్లీ. కార్తీక మాసంలో, సాక్షాత్తూ సింహాచలం అప్పన్న సన్నిధిలో, నేనే దగ్గరుండి పార్థసారథి చేత మూడు ముళ్ళూ వేయిస్తాను. ఇది నా మాట."

కుర్చీల్లో నలుగురు చప్పట్లు కొట్టారు. చాపల మీద ఎవరూ కదల్లేదు. అంతలో మీనాక్షి లేచింది.

"సచ్చినోడి సేత ముళ్ళెలాగ ఏయిస్తారండీ?"

ఎక్కడో ఒకావిడ కిసుక్కుమంది. ఆ తరువాత చాపలన్నీ నవ్వాయి. మూడు వారాల కింద కొంగులు తడిసేలా ఏడ్చినవాళ్ళు ఇప్పుడు కడుపులు పట్టుకుని నవ్వారు. భుజంగరావు ఇంకా చిరునవ్వుతోనే అటూ ఇటూ చూస్తున్నాడు. తనని మెచ్చుకునే నవ్వనుకున్నాడు పాపం. గురునాథరావు భార్య వరలక్ష్మమ్మ సంచిలోంచి పార్థసారథి చచ్చిపోయిన వారం పత్రిక తీసి, పేజీ మడిచి, వేదిక మీది మొగుడికందించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదువుతుంటే ఆయన మొహం మారింది. భుజంగరావుకేసి చూశాడు. భుజంగరావు చెయ్యి అప్పటికే పాత శాలువాని వెతుక్కుంటోంది.

"భుజంగరావుగారూ, మీరు కాసేపు కూచోండి. ఎవరమ్మా, నూకరత్నంగారెవరు? పైకి రండి" అన్నాడు గురునాథరావు.

వీధి ఆడవాళ్ళు ఆవిణ్ణి ముందుకి తోశారు. రత్నం వెళ్ళబోతూ మొగుడి కోసం చూసింది. ఈ నవ్వులో అతని నవ్వు కూడా చూడాలనిపించింది. పదకొండేళ్ళ కాపురంలో అంత ఆశగా అతని వైపు ఎప్పుడూ చూడలేదు.

శంకరరావు నవ్వడం లేదు. పక్క కుర్చీలో మనిషిని మోచేత్తో పొడిచి ఏదో అడుగుతున్నాడు. భార్య దగ్గరికి రాగానే లేచి, చెవి దగ్గర అన్నాడు.

"ఏటే రత్నం, ఏటైంది? కార్తీకమాసం మంచిదే గదా. ఎందుకలాగ నవ్వుతున్నారు?"

రత్నం ఆగిపోయింది. వారపత్రిక మొహాన కప్పుకుని నిద్రపోయిన మధ్యాహ్నాలన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. అంతసేపూ భుజంగరావు మీదున్న అసహ్యం ఎటు పోవాలో దారి తెలిసినట్టు ఇటు తిరిగింది. వేదిక మీద గురునాథరావు శాలువా విప్పి పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

"నువ్వు సచ్చిపోయి మూడు వారాలయిపోనాది బావా" అంది. "వీధంతా ఏడిసింది. నీకే తెల్లేదు."

కొంగు సర్దుకుని మెట్లెక్కింది.